బాండ్ సంగతి తర్వాత... డైరెక్టరెవరు?

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆదివారం సాయంత్రం మా టీ కొట్టు బెంచీ మీద చోటు దొరకడమంటే మాటలు కాదు. సంక్రాంతి సినిమాకి మొదటిరోజు మొదటాట టిక్కెట్టు దొరికినట్టే! మా జట్టు సంగతి ఈ శీర్షిక చదివే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రిటైరైన పోస్టుమాస్టరు గారు, చిక్కడపల్లి మెడికల్ షాపు తమ్ముడు, అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న చెల్లెమ్మ, ఎడిటింగ్ రూంలో అసిస్టెంటుగా చేస్తున్న కళ్లజోడు కుర్రాడు. అయిదోవాణ్ణి నేను. టీ డబ్బులిచ్చేది కూడా నేనేనని ఈ సందర్భంగా మనవి చేసుకుంటున్నాను!

2025 జూన్ 29న మాత్రం బెంచీ మీద ఆరో మనిషి ఉన్నారు. కళ్లజోడు వాళ్ల నాన్నగారు. తణుకు దగ్గర రైసుమిల్లులో గుమాస్తా. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఒళ్లో గుడ్డసంచీ.

"రాత్రి బస్సుకి వెళ్లిపోతామండి. రెండు టిక్కెట్లు తీసేశాను" అన్నారాయన, పరిచయాలు అవుతూనే.

రెండు అన్న మాట విని నేను కళ్లజోడు వంక చూశాను. వాడు టీ గ్లాసులోకి చూస్తున్నాడు. సంగతి అర్థమైపోయింది. బి.టెక్. చదివి, రెండేళ్లుగా చీకటి గదిలో కంప్యూటర్ ముందు కూచుని, నెలకి ఇంతని చెప్పుకోలేని జీతంతో గడుపుతున్న కొడుకుని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చారన్నమాట పెద్దాయన. మేనమామ ఎవరో భీమవరంలో ఉద్యోగం చూసిపెట్టాడట. ఇలాంటప్పుడు పైవాళ్లు కల్పించుకోకూడదు. కాబట్టి మేం చెయ్యగలిగింది చేశాం... సినిమా కబుర్లు మొదలెట్టాం.

కబురు కూడా మాంచి వేడిమీదుంది. జేమ్స్ బాండ్ వరసలో రాబోయే 26వ చిత్రానికి దర్శకుడు డెనీ విల్నవ్ అని అంతకు మూణ్ణాలుగు రోజుల ముందే అమెజాన్ ఎం.జి.ఎం. వారు ప్రకటించారు. బాండ్ వేషం ఎవరిదో మాత్రం ఆ రోజుకి చెప్పలేదు. అక్కడే పట్టుకున్నాడు మా మెడికల్ షాపు తమ్ముడు.

"ఏందన్నా గిది! హీరో ఎవరో చెప్పకుండ డైరెక్టర్ పేరు చెప్తె ఎవడన్న ఈల ఏస్తడా? మన దగ్గరైతే హీరో డేట్లిచ్చినంకనే డైరెక్టర్‌కి ఆఫీస్ పడ్తది."

"ఈల వెయ్యడానికి నేనున్నానుగా!" అంది గ్రూప్స్ చెల్లెమ్మ. ఈ అమ్మాయికి విల్నవ్ అంటే ప్రాణం. పరీక్షకి చదివినట్టు తారీఖులతో సహా అప్పజెప్పేసింది. కెనడాలో క్యూబెక్ వాడు. 2000లో 'మేల్‌స్ట్రోమ్' తీసి, ఆ తర్వాత తొమ్మిదేళ్లు మళ్లీ పూర్తి నిడివి సినిమా తియ్యలేదు. 2009లో 'పాలిటెక్నిక్', మరుసటేడు 'ఇన్సెండీస్'. అక్కణ్ణుంచి హాలీవుడ్ పిలిచింది. 'ప్రిజనర్స్', 'సికారియో', 'అరైవల్', 'బ్లేడ్ రన్నర్ 2049', రెండు 'డ్యూన్'లు. "చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి బాండ్ సినిమాలు చూస్తూ పెరిగాడట అన్నా. షాన్ కానరీ 'డాక్టర్ నో' దగ్గర్నుంచి. ఆయనే చెప్పాడు" అంది.

'నాన్నతో కలిసి' అన్నప్పుడు కళ్లజోడు తలెత్తలేదు. పెద్దాయన మాత్రం సంచీ ఈ మోకాలి మీంచి ఆ మోకాలి మీదకి మార్చుకున్నారు.

నా అభిప్రాయం అడిగారు. మీకూ చెప్తాను. విల్నవ్ గొప్పవాడే, కాదనను. 'సికారియో'లో సరిహద్దు దగ్గర కార్లన్నీ ఆగిపోయే ఘట్టం చూసి నా టీ చల్లారిపోయింది (ఇంట్లో చూశాన్లెండి!). కానీ ఆయన సినిమాల్లో నవ్వేవాళ్లు తక్కువ. బాండ్ అనేవాడు చావు ముందు నిలబడి కూడా ఒక చమత్కారం విసరాలి. ఇసక తుపానులో చమత్కారం పండుతుందా? అదీ నా అనుమానం.

"అసలు బాండ్ బొమ్మలకి ఇంత పేరున్న డైరెక్టర్‌ని పెట్టుకునే అలవాటే లేదురా వాళ్లకి" అన్నారు పోస్టుమాస్టరు గారు. ఆ మాట నిజమే. 'జాస్'తో ప్రపంచాన్ని భయపెట్టిన స్పీల్‌బర్గ్ బాండ్ చిత్రం తీస్తానని అడిగితే నిర్మాత బ్రోకలీ వద్దు పొమ్మన్నాడు. ఆ సంగతి జార్జ్ లూకాస్‌తో చెప్పుకుంటే, నా దగ్గర అంతకంటే మంచిది ఉందన్నాడట ఆయన. అదే 1981లో వచ్చిన ఇండియానా జోన్స్ మొదటి చిత్రం. 1989లో మూడో చిత్రంలో ఇండియానా జోన్స్‌కి తండ్రిగా ఎవర్ని పెట్టుకున్నారో తెలుసుగా? షాన్ కానరీనే! కక్ష తీర్చుకోవడమంటే అలా తీర్చుకోవాలి.

"మరి ఎవలు తీసిన్రే ఆ బొమ్మలు?" అన్నాడు మెడికల్ షాపు.

అప్పటిదాకా పెదవి విప్పని కళ్లజోడు అప్పుడు మాట్లాడాడు.

"ఎడిటర్లు."

అందరం వాడి వైపు తిరిగాం. వాళ్ల నాన్నగారు కూడా.

"మొదటి బాండ్ సినిమాల్ని టెరెన్స్ యంగ్ తీశాడు, నిజమే. ఎడిన్‌బరోలో ఒకప్పుడు పాలబండి తోలిన కానరీని తన దర్జీ దగ్గరికి తీసుకెళ్లి సూట్లు కుట్టించి బాండ్‌ని చేశాడు. కానీ ఆ ఫైట్లకి ఆ పరుగెక్కణ్ణుంచి వచ్చింది? పీటర్ హంట్ అని ఎడిటర్. మనిషి తలుపు దాకా నడవడం, గొళ్లెం తియ్యడం, ఇవన్నీ ఎందుకని కోసి పారేశాడు. గుద్దు మొదలవుతుండగానే తగిలిన చోటికి దూకేస్తాడు. ఆయనకే 1969లో 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' డైరెక్షన్ ఇచ్చారు. ఆ సినిమాకి ఎడిటింగ్ చేసిన జాన్ గ్లెన్, 1981 నించి 1989 దాకా వరసగా అయిదు బాండ్ సినిమాలు డైరెక్ట్ చేశాడు. అంతమంది మహామహులుండగా, ఎక్కువ బాండ్ సినిమాలు తీసిన డైరెక్టర్ ఎడిటింగ్ గదిలోంచి వచ్చినవాడే అన్నా!"

ఉదయ్‌పూర్‌లో తీసిన 'ఆక్టోపసీ' కూడా ఈ గ్లెన్‌దే. మన టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్ నటించిందే.

"విల్నవ్ సినిమాలకీ అంతే. 'సికారియో' నించి ఎడిటర్ జో వాకర్. 'డ్యూన్'కి ఆస్కార్ వచ్చింది ఆయనకి" అని కళ్లజోడు గ్లాసు కింద పెట్టాడు. రెండేళ్లలో ఈ కుర్రాడు ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు.

పెద్దాయన మెల్లిగా అడిగారు. "ఎడిటింగంటే... కత్తిరించడమే కదండీ?"

ఎవరూ జవాబు చెప్పకముందే పోస్టుమాస్టరు గారు అందుకున్నారు. పుట్టి పెరిగింది విజయవాడ. సూపర్‌స్టార్ కృష్ణ అంటే ఈయన చెవి కోసుకుంటారు. 2022 నవంబరు 15న కృష్ణగారు పోయినప్పుడు మూడు ఆదివారాలు బెంచీకి రాలేదు.

"అంతదాకా ఎందుకండీ, మనదే చెప్తాను. 'గూఢచారి 116' వచ్చింది 1966లో. నాకు పన్నెండేళ్లు. 'తేనె మనసులు'లో స్కూటరు మీంచి కారులోకి దూకాడు చూడండి కృష్ణ, అది చూసే డూండీ గారు ఈ వేషం ఇచ్చారంటారు. జయలలిత హీరోయిన్, డైరెక్టరు ఎం. మల్లికార్జునరావు. బొమ్మ చూసొచ్చి వారం రోజులు నేను ఇంట్లో తలుపు మామూలుగా తీస్తే ఒట్టు! గోడకి ఆనుకుని, ఒక్క కన్ను పెట్టి చూసి, అప్పుడు లోపలికి."

"కృష్ణ కోసమే గద చూసిన్రు!" అన్నాడు మెడికల్ షాపు, పాయింటు దొరికిందని.

"ఆగరా అబ్బాయ్. కృష్ణ కోసమే చూశాను. కానీ ఆ కెమెరా ఎవరిది? రవికాంత్ నగాయిచ్. ఎన్టీఆర్ 'సీతారామ కల్యాణం'లో ట్రిక్కు ఫోటోగ్రఫీ చేసిన మనిషి. 'గూఢచారి 116'ని డూండీ వాళ్లు హిందీలో 'ఫర్జ్' అని తీసినప్పుడు డైరెక్టర్ సీట్లో కూచోబెట్టింది ఎవర్ననుకున్నావ్? ఈ నగాయిచ్‌నే! 1967లో వచ్చింది. జితేంద్ర తలరాత మారిపోయింది. తర్వాత 1979లో మిథున్ చక్రవర్తితో 'సురక్షా' తీశాడు. గన్‌మాస్టర్ జి-9! హిందీవాళ్లకి రెండు తరాల గూఢచారుల్ని ఇచ్చినవాడు మన తెలుగు సినిమాకి కెమెరా తిప్పినవాడు. పేరు ఎవరికన్నా గుర్తుందా?"

నాకు సిగ్గేసింది. పదేళ్లకి పైగా సినిమాల మీద రాస్తున్నాను. కృష్ణగారి గూఢచారి పాత్రల మీద ఒక పూర్తి పేజీ రాసినవాణ్ణి. 'జేమ్స్ బాండ్ 777', 'ఏజెంట్ గోపి', 'రహస్య గూఢచారి'... అన్నీ వరసపెట్టి రాశాను. అందులో నగాయిచ్ పేరు ఒక్క వాక్యంలో కూడా లేదు. అంతెందుకు, సినిమా అయిపోయాక టైటిల్స్ పైకి పాకుతుంటే పార్కింగులో బండి తియ్యాలని ముందు లేచేది నేనే.

ఆ తర్వాత కబుర్లు ఎటెటో వెళ్లాయి. చెల్లెమ్మ 2018 'గూఢచారి' ఎత్తింది. శశికిరణ్ తిక్కకి మొదటి సినిమా అయినా, తుపాకుల కంటే కథని నమ్ముకున్నాడని. నేనూ ఒప్పుకుంటాను. 2023లో వచ్చిన 'ఏజెంట్', 'స్పై' నిలబడకపోవడానికి కారణం అదే... తుపాకులకి, విమానం టిక్కెట్లకి పెట్టిన శ్రద్ధ కాయితం మీద పెట్టలేదు. 'గూఢచారి' రెండో భాగం డైరెక్టర్‌గా ప్రకటించిన వినయ్‌కుమార్ కూడా ఎడిటరేనని కళ్లజోడు మళ్లీ ఒక మాట వేశాడు. మెడికల్ షాపు ఓటు మాత్రం కోడి రామకృష్ణకి. 'గూఢచారి నెం.1' అతనికి టీవీలో చూసి చూసి కంఠతా వచ్చేసింది.

ఆ పేరు వినగానే పెద్దాయన ముఖం విచ్చుకుంది.

"చిరంజీవిది! 1983. నాకప్పుడు పదమూడేళ్లండి. మా ఊరినించి సైకిలు మీద ముగ్గురం. వచ్చేటప్పుడు టైరు పంచరైతే నడిచొచ్చాం. మా నాన్న తలుపు తియ్యలేదు, అరుగుమీదే పడుకున్నాను." కాసేపాగి అన్నారు. "డైరెక్టరెవరో నాకు ఇవాళే తెలిసింది."

ఆరున్నరైంది. ఫస్ట్ షోకి టిక్కెట్లు చెల్లెమ్మ ముందే తీసింది. బస్సు పదిన్నరకి కదా, చూసే వెళ్లండని బలవంతపెట్టాం. ఏ సినిమా అన్నది ఇక్కడ అనవసరం. బాగాలేదు. ఇంటర్వెల్‌లో మెడికల్ షాపు సమోసాలు తెచ్చాడు, అవీ బాగాలేవు.

సినిమా అయిపోయింది. జనం లేచారు. అలవాటు చొప్పున నేనూ లేచి, మళ్లీ కూచున్నాను. ఎందుకంటే పెద్దాయన లేవలేదు. తెరమీద చీమల బారులా పేర్లు పోతున్నాయి. ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. లెక్కల పుస్తకం మీద వేలు పెట్టి చదివినట్టు, పెదాలు కదుపుతూ చదువుతున్నారు. చీపుళ్లు పట్టుకున్న కుర్రాళ్లు మా వరస దగ్గర ఆగారు.

"ఎడిటింగ్ అసిస్టెంట్లు అని వేశారు" అన్నారు తెర వంక చూస్తూనే. "నీ పేరు ఎప్పుడేస్తారు?"

"ఇప్పుడు చేస్తున్నదాన్లో వేస్తామన్నారు నాన్నా."

"ఇంటిపేరుతోనా?"

"అడుగుతాను."

"అడుగు. పూర్తిగా వెయ్యమను."

లైట్లన్నీ వెలిగాయి. బయటికొచ్చాక రోడ్డు మీద ఆటోల గోల. పెద్దాయన సంచీలోంచి చిన్న ఫోను తీసి, బస్సు టిక్కెట్టు మెసేజి వెతికి, చెల్లెమ్మ చేతికిచ్చారు.

"అమ్మా, ఇందులో ఒకటి రద్దు చేస్తే ఎంత కోస్తారో చూడు."

చెల్లెమ్మ చూసింది. "గంట కూడా లేదు బాబాయ్ గారూ. ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు."

పెద్దాయన క్షణం ఆలోచించారు. రైసుమిల్లు గుమాస్తా కదా, లెక్క మనసులోనే వేసుకున్నట్టున్నారు.

"సర్లే. పక్క సీట్లో సంచీ పెట్టుకుంటాను" అన్నారు.