ఎస్టిమేటుల లేని మనిషి

హైదరాబాదు పెరిగినప్పుడల్లా సర్కారు పైపుల లెక్క చెప్తది. 1908 సెప్టెంబరుల మూసీ పొంగి వేలమంది కొట్టుకపోయినంక విశ్వేశ్వరయ్యను పిలిపించిన్రు. ఆయన వరద ఆపే ఉపాయం చెప్పిండు, భూమి లోపలి డ్రైనేజీకి ప్లాను గీసిచ్చిండు. గండిపేట కట్టిన్రు, హిమాయత్‌సాగర్ కట్టిన్రు. తర్వాత మంజీర వచ్చింది, సింగూరు వచ్చింది, కృష్ణ వచ్చింది, 2015ల గోదావరి వచ్చింది. నీళ్లొస్తే మురుగు రాదా? 2021ల 3,866 కోట్లతో 31 మురుగుశుద్ధి కేంద్రాలు కడుతమని ప్రకటించిన్రు.

కట్టనియ్యండి. నేను వద్దనేవాణ్ణి కాదు. మూసీ ఒడ్డున ముక్కు మూసుకొని బతికేది మా జనమే. నేను అడిగేది ఒక్కటే. ఎస్టిమేటుల పైపు సైజు ఉంటది, సిమెంటు ఉంటది, వాలు ఎంత పెట్టాల్నో ఉంటది, కాంట్రాక్టరు లాభం గూడ ఉంటది. రేపు ఆ పైపు జామైతే లోపలికి దిగేటోడు ఎవడు? ఆ మాట మాత్రం ఏ కాగితంల కనబడదు. ఎందుకు కనబడదు? రాయకున్నా దొరుకుతడు గనక. వాణ్ణి కులం సప్లయి చేస్తది గనక.

మా నాయిన పాలమూరు కరువుకు పట్నమొచ్చిన మాదిగ. ఊర్లె గొడ్డు చస్తే మోసుడు, చెప్పులు కుట్టుడు, డప్పు కొట్టుడు. పట్నంల కులం అడగరని ఎవరో చెప్తే నమ్మిండు. నిజమే, కులం అడగలే. మేస్త్రీ ఏ ఊరన్నడు, ఊర్లె ఇల్లు ఎటు దిక్కన్నడు. పక్కన నిలబడ్డ వేరే కులపాయనకు పార ఇచ్చి రోడ్డు పనికి తోలిండు. మా నాయినకు వెదురు బద్దలు, బకెట్టు, తాడు ఇచ్చి మూత తీయమన్నడు. కాగితం లేదు, హాజరు బుక్కు లేదు. ఎన్నేండ్లు దిగినా కాంట్రాక్టరు కూలే.

దిగేముందు గుడుంబ తాగేది. తాగకుంటే ఆ కంపుల నిలబడుడు ఎవరివల్లా కాదు. మేస్త్రీ తాగిపిచ్చి దింపిండు, లోకం తాగుబోతు అన్నది. ఇంటికొస్తే ఒళ్లు కడుక్కోను నీళ్లేవి? మా బస్తీకి నల్లా రెండొద్దులకోసారి, అదీ నడిజామున, సన్న ధార. మా అవ్వ బిందెలతోని లైనుల నిలబడి తెచ్చిన నీళ్లు తాగనా, వండనా, ఆయన వంటి మురికి కడగనా? పట్నమంతటి పియ్యి ఎత్తినోనికి రెండు బిందెల నీళ్లియ్యని పట్నం ఇది. యాభై నిండకముందే దగ్గి దగ్గి పోయిండు. మోరీల చావలేదు గనక ఏ సర్కారు లెక్కలనూ లేడు.

మోరీ లోపలి గ్యాసు సంగతి చదువుకున్నోళ్లకు తెల్వదా? తక్కువుంటే కుళ్లిన కోడిగుడ్ల వాసనొస్తది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెల్వది. గ్యాసు పోయిందనుకొని మనిషి అడుగేస్తడు, అక్కడ్నే కూలబడ్తడు. తీస్తనని దిగినోడు వాని మీదనే పడ్తడు. అదే గ్యాసు పైపు పైకప్పుకు తగిలి యాసిడైతది, కాంక్రీటును తింటది. అందుకని ఇంజినీర్లు పైపు లోపల యాసిడ్ తట్టుకునే పూత రాయిస్తరు. దానికి రేటుంటది, బిల్లుంటది. పైపును కాపాడాలని తెలిసినోళ్లకు ఊపిరితిత్తులను కాపాడాలని తెల్వదంటే ఎట్ల నమ్మాలె? తెలుసు. పైపు కొనుక్కొచ్చింది, మనిషి పుక్కట్ల వచ్చిండు. అదీ సంగతి.

చట్టాలకు తక్కువ లేదు. 1993ల ఒకటి, 2013ల ఇంకొకటి. 2013 చట్టం మ్యాన్‌హోల్‌ల ప్రమాదకరంగ దింపుడు నేరమన్నది. కాని అదే చట్టం, సర్కారు చెప్పిన పరికరాలు, తొడుగులు ఇచ్చి పియ్యి ఎత్తిపిస్తే వాణ్ణి ‘మాన్యువల్ స్కావెంజర్’ అనొద్దని గూడ రాసుకున్నది. గ్లౌజు తొడిగితే కులం పోయినట్టేనా? 2014ల సుప్రీంకోర్టు మోరీ చావుకు 10 లక్షలియ్యమన్నది, 2023 అక్టోబరుల 30 లక్షలు చేసింది. 2025 జనవరిల హైదరాబాదు సహా ఆరు మహానగరాలల్ల మనుషులను దింపుడు బంద్ పెట్టమన్నది. చట్టం మీద చట్టం, తీర్పు మీద తీర్పు ఎందుకు పడుతున్నయి? ముందుదాన్ని ఎవడూ లెక్కచేయలేదు గనక.

2021 జులైల కేంద్రమంత్రి రాజ్యసభల, చేతులతోని పియ్యి ఎత్తుడు వల్ల చావులే నమోదు కాలేదన్నడు. మోరీల చచ్చినోళ్లది వేరే ఖాతా అట! మరుసటి నెలల్నే హైదరాబాదు సాహెబ్‌నగర్‌ల రాత్రిపూట మ్యాన్‌హోల్‌ల దిగిన ఇద్దరు కూలీలు చచ్చిపోయిన్రు. చావు ఖాతా మారిస్తే చచ్చినోని కులం మారుతదా? 2024ల కేంద్రం లెక్కలే బయటపడ్డయి. మోరీలు, సెప్టిక్ ట్యాంకులు సాఫ్ జేసే 38 వేలమందిని నమోదు చేస్తే నూటికి 68 మందికి పైగా ఎస్సీలే. ఇంక ఇది కులం పని కాదనేటోళ్లు ఆ కాగితం ముందు పెట్టుకొని మాట్లాడాలె.

మిషన్లొస్తే మీ కూలి పోదా అని అడిగే పెద్దమనుషులున్నరు. మా కూలి మీద ఇంత ప్రేమున్నోళ్లు మా పానం మీద ఎన్నడన్న చూపిన్రా? 2017ల హైదరాబాదు జలమండలి సన్నగల్లీలల్ల దూరే చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది, దళితులను వాటికి ఓనర్లను చేసింది. మంచిదే. ఒక మిషన్ ఒక మనిషిని కాపాడినా మంచిదే. కాని ఓనర్లను చేసేటప్పుడు గూడ మేము గుర్తుకొచ్చింది మోరీ కాడనే గదా? ఫ్లైఓవర్ల కాడ, రిజర్వాయర్ల కాడ, వేల కోట్ల పైపులైన్ల కాడ ఎందుకు గుర్తుకురాము?

అందుకని మా మాటలు గూడ ఎస్టిమేటుల రాయాలె. మిషను పోలేని గల్లీకి మిషను తయారు చేసినంకనే పైపు వెయ్యాలె. ఇన్నేండ్లు దిగినోళ్లకే ఆ మిషన్ల మీద పర్మినెంటు నౌకరీ ఇయ్యాలె, నడుమ కాంట్రాక్టరు ఉండొద్దు. బంగ్లాలకు ఒత్తిడితో నీళ్లిచ్చే రోజే లైను చివరి బస్తీకీ అంతే ఒత్తిడితో రావాలె. మనిషి చస్తే మేస్త్రీ మీద కేసు పెట్టి చేతులు దులుపుకునుడు కాదు, పని ఆర్డరు మీద సంతకం పెట్టిన ఆఫీసరు కోర్టుల నిలబడాలె.

2023 కేంద్ర బడ్జెటుల మ్యాన్‌హోల్‌ను మెషీన్‌హోల్ చేస్తమన్నరు. పేరు బాగనే ఉన్నది. హరిజనులన్న పేరు గూడ బాగనే ఉండె. పేర్లు పెట్టుడు మీకు కొత్తగాదు, పేర్లు మోసుడు మాకు కొత్తగాదు. పైపులు మార్చేటోళ్లు ముందు ఆ మూత మీద చెయ్యి పెట్టి ఒక్క మాట చెప్పాలె. ఇగ దీంట్లె ఎవని కొడుకూ దిగడని.