తర్తీబ్ లేని చమక్

ఈద్ దగ్గర పడినా, షాదీల సీజన్ మొదలైనా మా గుత్తిలో వాటర్ సర్వీసింగ్ షెడ్ల ముందు కార్లు వరుస కడతాయి. దుల్హా కారైనా, కిరాయి కారైనా అడిగేది ఒకటే: "భాయ్, చమక్ రావాలి, జల్దీ!" ఆ జల్దీలో చాలాచోట్ల జరిగేదీ ఒకటే. పైపైన నీళ్లు కొట్టడం, ముందు వ్యాక్స్ రుద్దడం, దాని మీద పాలిష్ పట్టడం. దీన్ని నేను పని అనను, ధోకా అంటాను. తెలియక చేసినా నుఖ్సాన్ నుఖ్సానే.

సీదాగా చెప్తాను. పాలిష్ తీసేది, వ్యాక్స్ పెట్టేది. పాలిష్‌లో కంటికి కనబడనంత సన్నని గరుకు పొడి ఉంటుంది. అది పెయింట్ పైపొరను కొంచెం గీకి, గీతల అంచులను చదును చేస్తుంది. మెరుపు అలా వస్తుంది. ఇప్పటి కార్లకు రంగు మీద క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పల్చన. రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. పోయింది మళ్లీ రాదు. వ్యాక్స్ అలా కాదు. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనమైనా, ఫ్యాక్టరీలో చేసిందైనా, అది పెయింట్ మీద కూర్చునే రక్షణ పొర. మరి ముందు వ్యాక్స్ వేసి దాని మీద పాలిష్ కొడితే ఏమవుతుంది? పాలిష్ ముందు ఆ వ్యాక్స్‌నే తినేస్తుంది. ప్యాడ్ జిడ్డు పట్టి మూసుకుపోతుంది, గీతలు అలాగే ఉంటాయి. గిరాకీ రెండు పనులకు పైసలిచ్చాడు, దక్కింది ఒక్కటీ లేదు.

వుజూలో తర్తీబ్ మన హనఫీల దగ్గర సున్నత్, షాఫయీల దగ్గర ఫర్జ్. కారు పెయింట్‌లో మాత్రం ఇఖ్తిలాఫ్‌కి గుంజాయిష్ లేదు.

మొదటిది కడగడం. మాది కరువు సీమ, గుట్టల ఊరు. ఇక్కడి దుమ్ములో రాతిపొడి ఉంటుంది. నీళ్లు ఆదా అని పొడిబట్టతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. అలాగని పైపు వదిలేసి ఇస్రాఫ్ చేయక్కర్లేదు. ముందు మగ్గుతో నీళ్లు పోసి దుమ్ము జార్చండి. తర్వాత రెండు బకెట్లు చాలు, ఒకటి షాంపూకి, ఒకటి బట్ట జాడించడానికి. రెండోది క్లే ముద్ద. గుత్తి రైల్వే జంక్షన్. రైలు చక్రాలు, బ్రేకులు రాపిడి పడి లేచే సన్నని ఇనుప రజను పట్టాల దగ్గర నిలిపే కార్లకు అంటుకొని తుప్పు చుక్కలవుతుంది. షాంపూకి అది వదలదు. తడి మీద క్లే జరిపితే వదులుతుంది. మూడోది, గీతలుంటేనే, రబ్బింగ్ కాంపౌండ్, ఆ తర్వాత సన్న పాలిష్. పక్కనున్న తాడిపత్రిలో బండలు పాలిష్ చేసేవాళ్లను అడగండి, ముతక రాయి ముందు, సన్న రాయి తర్వాత అని ఎవరైనా చెప్తారు. నాలుగోది పాలిష్ నూనెను శుభ్రంగా తుడవడం. నూనె గీతలను దాచిపెడుతుంది, తుడిచాకే సచ్చాయి బయటపడుతుంది. ఆఖరుది వ్యాక్స్, పల్చగా, నీడలో. మా ఎండకు కాలిన రేకు మీద అది అప్పుడే ఎండి మరకలు కడుతుంది. ఫజర్ తర్వాతో, అసర్ తర్వాతో చేసుకోండి.

ఇదేమీ కొత్త ఇల్మ్ కాదు. షాదీ దేగ్‌లకు కళాయి వేసే మన బుజుర్గులకు ఇది తెలుసు. ముందు దేగ్ తోమాలి, కాల్చాలి, నవసాగరం చల్లాలి, ఆ తర్వాతే తగరం. చిలుం మీద తగరం నిలవదు. నిలిచినట్టు కనబడితే ఆ బిర్యానీ తిన్నవాళ్ల జాన్‌కే ఖత్రా. రాగి దేగ్ దగ్గర చూపిన ఆ ఇమాన్‌దారీ రేకు కారు దగ్గర ఎందుకు చూపరు?

"అంత టైమ్ ఎవరిస్తారు సాహెబ్" అంటారు. టైమ్ లేకపోతే పాలిష్ మానేయండి, కడిగి వ్యాక్స్ వేసి పంపండి. అందులో నుఖ్సాన్ లేదు. వ్యాక్స్ మా ఎండల్లో కొన్ని వారాలకే పోతుంది, మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. పాలిష్ మాత్రం తప్పనప్పుడే, అరుదుగా. ఇక్కడ మాత్రం ఉల్టా, ప్రతి పండక్కీ రుద్దుడే. "సీసా మీద వ్యాక్స్ పాలిష్ అనే ఉంది కదా" అంటారు. ఆ సీసా రెండు పనులూ కొంచెం కొంచెం చేస్తుంది. వాడండి, కానీ ఒక పని చేసి రెండు పనుల బిల్లు రాయకండి. డీజిల్ బట్టతో తుడిచి చమక్ అనేవాళ్లకు జవాబు కూడా దండగ. ఆ జిడ్డుకు సాయంత్రానికల్లా ఊళ్లో దుమ్మంతా అంటుకుంటుంది.

కిస్తుల మీద కారు తీసి, స్టేషన్ నుంచి అనంతపురానికి కిరాయి తిప్పుకునే ఆదమీకి ఆ కారే ఇంటి రోజీ. క్లియర్ కోట్ అరిగి బానెట్ తెల్లగా పొలుసులు లేస్తే మళ్లీ పెయింట్ వేయించడం తప్ప ఇలాజ్ లేదు. అది రెండు మూడు కిస్తుల పైసలు మింగుతుంది. తాళం మన చేతిలో పెట్టాడంటే అది అమానత్.

ఈ షెడ్లలో చేతులు నల్లగా చేసుకునే పిల్లల్లో మనవాళ్లు ఎందరో. వాళ్లను "చదువు రాక గ్యారేజీలో పడ్డాడు" అని ఇంట్లోవాళ్లే అంటారు. హునర్‌కు ఇజ్జత్ ఇవ్వనిచోట తర్తీబ్ ఎవరు నేర్పుతారు? ఉస్తాద్‌లకు నా మాట ఒకటే. షాగిర్ద్‌కు "రుద్దురా" అని గుడ్డ పడేయకండి, ఎందుకు రుద్దాలో చెప్పండి. ఆ ఎందుకు తెలిసిన పిల్లవాడు రేపు బెంగళూరులోనో, దుబాయ్‌లోనో కారీగర్ అనిపించుకుంటాడు. తెలియనివాడు జీవితమంతా బకెట్ మోస్తాడు.

కారున్నవాళ్లూ బేరం మాత్రమే చేయకండి. తాళం ఇచ్చే ముందు "ముందు ఏం వేస్తావు బేటా?" అని అడగండి. "వ్యాక్స్" అంటే తాళం జేబులోనే ఉంచుకోండి.