గ్లాసు టీకి చాలని వాటా



పింఛను పంచిన మర్నాడు ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర కాసేపు నిలబడి చూడండి. పాత బాకీ తీరుతుంది. బీపీ బిళ్లలు వస్తాయి, మనవడికి నోటుపుస్తకం వస్తుంది. ఆ డబ్బు చాలావరకు ఊళ్లోనే తిరుగుతుంది. దాన్ని ‘ఉచితం’ అని వెక్కిరించేవాళ్లు ఆ కొట్టతన్ని అడగాలి.

వృద్ధాప్య పింఛనును తెలంగాణ 2019లో 2,016 రూపాయలు చేసింది, ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000 చేసింది. ఇందులో కేంద్రం వాటా ఎంతో తెలుసా? 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200. అదీ దారిద్ర్యరేఖ దిగువన ఉన్నట్టు జాబితాకెక్కినవారికే. 1995లో 75తో మొదలై, 2007 నాటికి 200కి చేరి, అక్కడే చతికిలబడింది. రోజుకు ఏడు రూపాయలు కూడా పడదు. 80 నిండితే 500 ఇస్తారు, అందాకా బతికుంటే.

మిగతాదంతా రాష్ట్రాల నెత్తినే. ఆ బరువు మనకు మున్ముందు ఇంకా పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3. అంటే ముందు జుట్టు నెరిసేది మనకే. కాలువకూ బడికీ పెట్టాల్సిన సొమ్ములోంచే పింఛను తీయాలి. జపాను నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక ముసలిదైంది. మనకు కలిమి రాకముందే ముసలితనం వస్తోంది. మన రైతుల్లో, కూలీల్లో పీఎఫ్ మొహం చూసినవాళ్లెందరు?

దీనికి మందుగా ఎక్కువమంది పిల్లల్ని కనమని నాయకులు చెబుతున్నారు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే, అది వేరే సంగతి. కానీ ఇవాళ పుట్టిన బిడ్డ చేతికందిరావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అందాకా ఇటు ఉయ్యాల, అటు మంచం పట్టిన అత్తగారు. ఆ కోడలు పనికెప్పుడు వెళ్లాలి? ఆమె పోగొట్టుకున్న కూలి దేశం పోగొట్టుకున్న ఆదాయమే. అది ఏ లెక్కలోనూ కనబడదు.

అందుకే అడుగుతున్నాం: కేంద్రం తన వాటాను కనీసం 1,000 చేయాలి. ఉద్యోగుల కరువు భత్యంలా ధరలను బట్టి పెంచుతూ పోవాలి. పిల్లలకు అంగన్‌వాడీ ఉన్నట్టే, పగటిపూట పెద్దవాళ్లను చూసుకునే చోటు ప్రతి పంచాయతీలో ఉండాలి.

అక్టోబరు 2న గ్రామసభలో ఈ కోరికలతో తీర్మానం పెట్టించండి. కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది కనుక డిసెంబరులోగా అది మీ ఎంపీ చేతికి చేరాలి. ముసాయిదా ఈ కాగితం వెనకే ఉంది. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు.