అయిదో కాంటూరును కదపొద్దు

ఎన్నికలు దగ్గర పడితే చాలు, కొల్లేరు ఊళ్లలో ఒక హామీ మళ్లీ వినిపిస్తుంది. అభయారణ్యం సరిహద్దును అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గిస్తామన్నదే ఆ హామీ. ఈ విషయంలో పార్టీల మధ్య తేడా కనిపించదు. 2008లో శాసనసభ తీర్మానమే చేసింది. ఆ తీర్మానం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు లెక్కిస్తే కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 3 అడుగులకు దిగితే మిగిలేది దాదాపు 135. సగానికి పైగా సరస్సును కాగితం మీద చెరిపేసి, మిగిలింది కాపాడుతామంటే ఎవరు నమ్ముతారు?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితో పాటు ఎన్నో డ్రెయిన్లు తెచ్చే నీరు ఇక్కడ కొంతకాలం నిలిచి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. ఆ నిలవడంలోనే కొల్లేటి బతుకంతా ఉంది. తుంగ, జమ్ము, కిక్కిస నీటి వడి తగ్గించి ఒండ్రును అడుగుకు దించుతాయి. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువును వేళ్లతో పీల్చుకుంటాయి. ఆ దుబ్బుల మాటునే కొర్రమీను గుడ్లు పెడుతుంది. నత్తలను చిల్లుముక్కు కొంగలు ఏరుకు తింటాయి. గూడబాతు చేపను మింగుతుంది, దాని రెట్ట నాచుకు ఎరువవుతుంది, నాచు మళ్లీ చేపకు మేతవుతుంది. మనిషి కూడా ఈ లెక్కలో ఉన్నవాడే. లంక గ్రామాల వాళ్లు తరతరాలుగా మావులు, వలలు వేసి చేపలు పట్టారు. నీరు తీసిన చోట వరి వేశారు. ఆ వాడకాన్ని సరస్సు తట్టుకుంది.

తట్టుకోలేకపోయింది చెరువు గట్లను. ఆ పాపంలో సర్కారుకూ వాటా ఉంది: 1970లలో సంఘాలు పెట్టించి చేపల చెరువులను ప్రోత్సహించింది అదే. తర్వాత పెట్టుబడిదారులు లీజుల పేరుతో దిగారు, పేద మత్స్యకారుడు తన సంఘం చెరువు మీదే కూలివాడయ్యాడు. గట్టు లేస్తే నీటి దారి మూసుకుపోతుంది, వరద పక్క ఊరి మీద పడుతుంది. మేత, ఎరువు, మందులు కలిసిన చెరువు నీటిని పట్టుబడి అయ్యాక తోడి వదిలేది సరస్సులోకే. ఏలూరు, గుడివాడ, విజయవాడల మురుగు దీనికి తోడు. గుర్రపు డెక్కను అందరూ తిడతారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్కే కావచ్చు, ఇంత బలంగా మేపింది మాత్రం మనమే. నీటి మీద పరచుకుని వెలుతురును ఆపుతుంది, కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది, డ్రెయిన్లలో అడ్డం పడుతుంది. మురుగును ఆపకుండా యంత్రాలతో డెక్క తీయించడం కాంట్రాక్టర్లకు తప్ప ఎవరికీ మేలు చేయదు.

సరస్సు ఒడ్డున ఆటపాకలో గూడబాతులు గుంపులుగా గూళ్లు కడుతున్నాయి కదా, కొల్లేటికేం లోటని అడిగేవాళ్లున్నారు. అవి అక్కడ గూడు కట్టేది ఎక్కువగా అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. పెద్ద చేపను పట్టగల పక్షి చెరువుల మధ్య ఎలాగో నెట్టుకొస్తుంది. మోకాటి లోతు నీళ్లలో పురుగూ పుట్రా ఏరుకునే చిన్న పక్షులకు, శీతాకాలంలో వలస వచ్చే బాతులకు గట్ల మధ్య లోతు నీరు ఎందుకు పనికొస్తుంది? ఒక జాతి బాగుంటే సరస్సు బాగున్నట్టు కాదు.

1999లో అభయారణ్యమని ప్రకటించాం. 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కించి ప్రపంచానికి మాటిచ్చాం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెంచాం. తెంచిన మట్టిని చదును చేయకుండా వదిలేస్తే ఆ గట్లే తిరిగి లేచాయి. కాంటూరు తగ్గించొద్దని కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తేల్చి చెప్పినా నాయకుల చెవికెక్కలేదు.

స్థానికుల గోడు అబద్ధమని మేమనడం లేదు. అయిదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న రైతులు తమ భూమిలో తాము పరాయివాళ్లయ్యారు. వారికి న్యాయమైన పరిహారం చెల్లించి ఆ భూమిని సర్కారు తీసుకోవాలి. సంప్రదాయ వేటకు లంక వాసులకున్న హక్కును రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్రమ చెరువుల గట్లను నేలమట్టం చేయాలి. కూలీల మీద కాదు, వెనకున్న పెట్టుబడిదారుల మీద కేసులు పెట్టాలి. పట్టణాల మురుగును శుద్ధి చేశాకే డ్రెయిన్లలోకి వదలాలి. వీటన్నిటికన్నా ముందు, 2008 నాటి తీర్మానాన్ని శాసనసభే వెనక్కి తీసుకోవాలి.