మెదడును అద్దంలా మార్చి చూస్తున్నారు.. మరి మన మెదళ్లు ఎక్కడ?

నెల్లూరు: ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల రైతు హేచరీకి వెళ్తే ముందు చేసే పని ఒకటుంది. బీకర్‌లో కొంచెం సీడ్ తీసుకుని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. పేగు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని. కోయక్కర్లేదు. రొయ్య పిల్ల ఒళ్లు అద్దంలా ఉంటుంది కాబట్టి లోపలిది బయటికే తెలిసిపోతుంది.

మెదడు మీద పరిశోధన చేసేవాళ్లు కోరుకునేది కూడా ఇదే. కోయకుండా లోపల చూడాలి. మన దేశపు వాగుల్లో, వరి మళ్లలో తిరిగే జీబ్రా ఫిష్ పిల్ల కూడా రొయ్య సీడ్‌లాగే పారదర్శకం. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు బతికున్న ఆ చేపపిల్ల మెదడులో సుమారు లక్ష కణాలు ఉంటే, వాటిలో 80 శాతానికి పైగా పనిచేస్తుండగా చిత్రీకరించారు. మనిషి మెదడులో నాడీ కణాలు దాదాపు 8,600 కోట్లు. పైగా అది అద్దం కాదు, తెల్లటి ముద్ద.

అడ్డం పడేది కొవ్వు

మెదడులోంచి నీరంతా తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వు పదార్థాలే. వెలుతురు నీటిలో ఒకలా, కొవ్వులో ఒకలా వంగుతుంది. అడుగడుక్కీ వంగి చెదిరిపోవడంతో లోపలికి చూపు ఆనదు. బజ్జీలు కట్టిన పేపర్ మీద నూనె పడితే వెనక అక్షరాలు కనిపిస్తాయి కదా. కాగితం పోగుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరింది, వెలుతురు చెదరడం తగ్గింది. మెదడుకూ కిటుకు అదే.

ఈ కిటుకు కొత్తది కాదు. జర్మనీకి చెందిన స్పాల్టెహోల్జ్ 1910ల్లోనే శరీర భాగాలను వింటర్‌గ్రీన్ నూనె లాంటి ద్రవాల్లో నానబెట్టి పారదర్శకం చేశాడు. నొప్పుల బామ్‌కు ఆ ఘాటు వాసన ఇచ్చేది ఈ నూనే. అసలు మలుపు 2013లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో కార్ల్ డైసెరాత్ బృందం ఎలుక మెదడును చైనా గ్రాస్ లాంటి జెల్‌లో బిగించి, షాంపూల్లో వాడే రకం డిటర్జెంట్‌తో కొవ్వును కడిగేసింది. కణాలు, తంతులు ఉన్నచోటే ఉండిపోయాయి. మెదడు గాజుముక్కలా మారింది. ఈ పద్ధతికి క్లారిటీ అని పేరు పెట్టారు.

తర్వాత పలుచని రేకులాంటి లేజర్ వెలుతురును పొర తర్వాత పొరగా పంపి ఫొటోలు తీస్తారు. కంప్యూటర్ వాటిని కలిపి త్రీడీ బొమ్మ చేస్తుంది. టర్కీలో పుట్టి, అంకారాలో చదివి, జర్మనీలో పనిచేస్తున్న అలీ ఎర్టుర్క్ బృందం 2020లో మొత్తం మనిషి మెదడునే ఇలా పారదర్శకం చేసి చూపించింది.

ఇంత తిప్పలు ఎందుకంటే, వలను వెయ్యి ముక్కలు చేసి ఒక్క దారం ఎటు పోయిందో వెతకడం ఎంత కష్టమో మత్స్యకారులకు తెలుసు. నాడీ తంతులూ అంతే.

చెన్నైలో ఇంకో దారి

నెల్లూరు నుంచి దాదాపు మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో ఐఐటీ మద్రాస్‌ ఉంది. అక్కడి సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ రెండో దారి పట్టింది. మెదడును గడ్డకట్టించి, వెంట్రుక కంటే పలుచని పొరలుగా కోసి, ప్రతి పొరనూ కణాలు కనిపించేంత స్పష్టంగా స్కాన్ చేసి, మళ్లీ కంప్యూటర్‌లో కూర్చడం. 2024 డిసెంబర్‌లో విడుదలైన ‘ధరణి’ అలా తయారైనదే. ఐదు గర్భస్థ శిశువుల మెదళ్లు, 5,132 పొరలు. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పాశ్చాత్య దేశాల్లో అయ్యే ఖర్చులో పదో వంతు కంటే తక్కువకే చేశామని ఐఐటీ చెబుతోంది.

అంటే యంత్రం ఉంది, నైపుణ్యం ఉంది, ఖర్చూ మన చేతిలోనే ఉంది. కొరత మెదళ్లది.

రెండు భాషల ఇళ్ల సంగతి

2013లో హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించారు. తెలుగు, ఉర్దూ లాంటి రెండు భాషలు లేదా అంతకు మించి మాట్లాడేవాళ్లకు, ఒకే భాష వాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా డిమెన్షియా మొదలైందని తేల్చారు. చదువు రానివాళ్లలోనూ ఇదే కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే నానీమాకు ఇది వర్తించే విషయమే. అయితే ఆ రెండు భాషలు మెదడు అల్లికలో ఏం మార్చాయి? కణాల స్థాయిలో అది తేలాలంటే అలాంటి మనుషుల మెదళ్లనే చూడాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కొవ్వు కడిగేయడం, పొరలు కోయడం చనిపోయినవారి మెదడు మీదే సాధ్యం. ఇది ఎమ్మారై లాంటి టెస్ట్ కాదు. ఈ పేరు చెప్పి ఎవరైనా స్కాన్ చేస్తామంటే నమ్మొద్దు. రేపే మందు వస్తుందనీ కాదు. జబ్బు ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో తెలిస్తే, మందు వెతకాల్సిన చోటు తెలుస్తుంది.

బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి బ్రెయిన్ బ్యాంక్ నడుస్తోంది. మరణించాక గంటల వ్యవధిలోనే మెదడు తీయాలి, కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. జనాజా ఆలస్యం చేయకూడదనుకునే ముస్లిం ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. అవయవ మార్పిడికి 1988లో జెద్దా ఫిఖ్ అకాడమీ షరతులతో అనుమతి ఇచ్చింది. పరిశోధన కోసం ఇవ్వడం వేరే మసలా, దానిపై ఉలేమాల మధ్య ఏకాభిప్రాయం లేదు. హిందూ, క్రైస్తవ ఇళ్లలోనూ ఆ ఘడియలో ఈ మాట ఎత్తడం తేలిక కాదు.

అందుకే ఈ చర్చ ఆస్పత్రి వరండాలో, ఏడుపుల మధ్య మొదలవకూడదు. మనిషి బతికుండగా, ఆలోచించి అవుననో కాదనో చెప్పగలిగినప్పుడే ఇంట్లో జరగాలి. మసీదులో ఇమామ్‌ సాబ్‌ను, ఊళ్లో డాక్టర్‌ను అడగాలి. జవాబు ఏదైనా, అది తెలిసి చెప్పిన జవాబు కావాలి.