క్త్వార్థకం వచ్చినవారికి కమాండ్ లైను రాదా?

"అది మనకెందుకండీ, ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళ గొడవ!" లినక్సు కమాండ్ లైను ప్రసక్తి వచ్చినప్పుడల్లా సాహిత్యాభిమానుల నోట తప్పక వినవచ్చే మాట ఇది. యతిమైత్రి గురించి రాత్రి తెల్లవార్లూ వాదించగలవారు, అరసున్న ఉండాలా పోవాలా అన్న విషయంపై టపా కన్నా పొడవైన వ్యాఖ్యలు రాయగలవారు, నల్లటి తెరమీద మిణుకుమిణుకుమనే గీతను చూడగానే చేతులెత్తేస్తారు. కారణం అడిగితే మూడు చెబుతారు. ఒకటి, అది ఇంగ్లీషు దిట్టంగా వచ్చినవారి విద్య. రెండు, వందల కొద్దీ ఆదేశాలు కంఠస్థం చేయాలి. మూడు, మౌసు చేతిలో ఉండగా దాని అవసరమే లేదు. ఈ మూడూ తప్పని నా వాదం. పైగా ఈ అపోహలకు బాధ్యులు నేర్చుకునేవారు కారు, నేర్పేవారు.

మొదట ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఎల్ఎస్, సీడీ, సీపీ, ఎంవీ, ఆర్ఎం - వీటిలో ఇంగ్లీషు మాట ఏది? 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్సుకు ప్రాణం పోసిన తొలిరోజుల్లో వారి ఎదుట ఉన్నది ఇప్పటివంటి తెర కాదు, టెలిటైపు. నొక్కిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద టకటకమని అచ్చుకొట్టే నెమ్మది యంత్రం అది. మీటలు బరువు, వేగం తక్కువ. అందుకే పేర్లను రెండేసి అక్షరాలకు కుదించుకున్నారు. గ్రెప్ కథ మరీ విచిత్రం. ఈడీ అనే పాత ఎడిటరులో, ఒక నమూనాకు సరిపోయే వరుసలన్నిటినీ వెతికి అచ్చువేయమని చెప్పడానికి వాడిన గుర్తులను కలిపి చదివితే వచ్చిన మాట అది. లండనులో పుట్టి పెరిగినవాడికైనా గ్రెప్ అంటే ఏమిటో ఎవరో ఒకరు విప్పి చెప్పవలసిందే. ఆ విప్పి చెప్పే పని తెలుగులో చేస్తే వచ్చిన నష్టమేమిటి? రోమను అక్షరాలు మీటలు నొక్కడానికి కావాలి గాని, భావం గ్రహించడానికి అక్కర్లేదు. అందుకే ఈ వ్యాసంలో ఆదేశాలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. చదివినదాన్ని బట్టి ఏ మీటలు నొక్కాలో తెలిసిపోతుంది, అన్నీ చిన్నక్షరాలే.

"సహాయపుటలు ఇంగ్లీషులో ఉంటాయి కదా?" అనవచ్చు. ఉంటాయి. అది ఆ విద్యకు సహజమైన లక్షణం కాదు, మనం పూడ్చకుండా వదిలేసిన లోటు. గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాపుల మెనూలను స్వచ్ఛందంగా తెలుగు చేసినవారు మనలోనే ఉన్నారు. అంత ఓపిక ఉన్న జాతికి ఒక్క గ్రెప్‌ను తెలుగులో వివరించే ఓపిక లేకపోయిందంటే నేను నమ్మను. అక్కడిదాకా ఎవరూ ఆలోచించలేదంతే.

ఇక రెండో అపోహ, కంఠస్థం. ఈ భయాన్ని కలిగించినవి "కొత్తవారికి యాభై ఆదేశాలు" వంటి పట్టికలు. ఎడమవైపు ఆదేశం, కుడివైపు ఒక ముక్కలో అర్థం. ఇది ఎక్కాల పుస్తకం పద్ధతి. ఒక భాషలోని యాభై క్రియలను వరుసగా అప్పజెప్పించి, "ఇక నీకు ఆ భాష వచ్చేసింది, పోయి మాట్లాడు" అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మాటలు ఇచ్చారు, వాక్యం ఇవ్వలేదు. నేర్చుకునేవాడు వారం తిరక్కుండా మరచిపోతాడు, తప్పు తనదేననుకుని మానేస్తాడు.

నిజానికి ఆదేశం ఒక వాక్యం. కర్త మీరు అడిగే యంత్రం, అధ్యాహారం. ముందు క్రియ వస్తుంది. తరువాత చిన్న అడ్డగీతతో క్రియావిశేషణం, ఆ తరువాత కర్మ. "ఎల్ఎస్ -ఎల్ కవితలు" అంటే "కవితలు అనే ఫోల్డరులో ఉన్నవాటిని వివరంగా చూపించు" అని. క్రియ ముందు రావడం మనకు వింతేమీ కాదు. "రా నాయనా ఇటు", "పోరా ఇంటికి" అని రోజూ అంటూనే ఉంటాం. ఇదే -ఎల్ గుర్తు గ్రెప్ పక్కన చేరితే "ఫైళ్ళ పేర్లు మాత్రమే చెప్పు" అని, డబ్ల్యూసీ పక్కన చేరితే "వరుసలు లెక్కపెట్టు" అని అర్థం మారుతుంది. పట్టిక చదివినవాడు ఇక్కడ బెంబేలెత్తుతాడు. వియోగంలోని "వి" వేరు, విజ్ఞానంలోని "వి" వేరు అని తెలిసిన మనకు బెంబేలు దేనికి?

మొదటిరోజుకు అయిదు ప్రశ్నలు చాలు. ఎక్కడున్నాను? పీడబ్ల్యూడీ. ఇక్కడ ఏమున్నాయి? ఎల్ఎస్. ఎటు పోవాలి? సీడీ. ఇందులో ఏం రాసి ఉంది? లెస్. తెలియకపోతే ఎవరిని అడగాలి? మ్యాన్. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడికి పుట్టే ప్రశ్నలే ఇవి. వీటికి తోడు, లెస్ నుంచీ మ్యాన్ నుంచీ బయటపడడానికి క్యూ మీట నొక్కాలన్న చిన్న రహస్యం మాత్రం ముందే చెప్పాలి. ఆ ఒక్కటీ చెప్పకపోవడం వల్ల తొలిరోజే కిటికీ మూసేసి పారిపోయినవారెందరో!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కమాండ్ లైనులోని సారమంతా నిలువుగీతలో ఉంది. దాన్ని పైపు అంటారు. ఒక ఆదేశం ఇచ్చిన ఫలితాన్ని మరో ఆదేశానికి నేరుగా అందించే ఈ ఏర్పాటు డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో యూనిక్సులోకి వచ్చింది. ఇంగ్లీషు పాఠాలు దీన్ని వివరించడానికి నీటిగొట్టాల బొమ్మలు గీస్తాయి. మనకు బొమ్మ అక్కర్లేదు, క్త్వార్థకం ఉంది. "మినుములు ఏరి, కడిగి, నానబోసి, రుబ్బి, గారెలు వేయి." చివరిదొక్కటే సమాపక క్రియ. తక్కినవన్నీ ఫలితాన్ని తరువాతి క్రియకు అందించి తప్పుకునేవి. "గ్రెప్ -ఎల్ గోదావరి *.టీఎక్స్‌టీ | డబ్ల్యూసీ -ఎల్" అన్న వాక్యాన్ని ఇలా చదవండి: "గోదావరి అనే మాట ఉన్న ఫైళ్ళ పేర్లు ఏరి, లెక్కపెట్టు." ఆ నిలువుగీత మన "ఏరి"లోని ఇకారం. పోలికలో ఒక తేడా ఉంది, దాచను. పైపులోని ఆదేశాలు ఒకటి ముగిశాక మరొకటి మొదలవవు, అన్నీ ఏకకాలంలో నడుస్తుంటాయి. ఇటుకలు చేతులు మార్చే కూలీల వరుసలాగ. ఆ సూక్ష్మం రెండోవారం నేర్చుకోవచ్చు. వాక్యం కట్టడానికి మాత్రం మన వ్యాకరణమే చాలు.

దీని బలమెంతో తెలియడానికి 1986 నాటి ఒక ముచ్చట చెప్పాలి. ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చిన మాటలను లెక్కతో సహా చూపే ప్రోగ్రాము రాయమని జాన్ బెంట్లీ తన శీర్షిక కోసం డొనాల్డ్ కనూత్‌ను కోరాడు. కనూత్ మహా పండితుడు. పలు పుటల ప్రోగ్రామును గ్రంథంలా తీర్చి ఇచ్చాడు. దాన్ని సమీక్షించిన మెక్‌ఇల్‌రాయ్, అదే పనిని ఆరు ఆదేశాల పైపుతో చేసి చూపించాడు. అందులో రెండోది, పెద్దక్షరాలను చిన్నక్షరాలుగా మార్చేది. తెలుగుకు ఆ భేదమే లేదు కనుక మనకు అయిదే చాలు. ఖాళీలనూ విరామచిహ్నాలనూ కొత్త వరుసలుగా మార్చి (టిఆర్), వరుసలో పెట్టి (సార్ట్), ఒకేరకం వాటిని కుప్పవేసి లెక్కకట్టి (యునీక్ -సి), పెద్ద లెక్క పైకి వచ్చేలా మళ్ళీ పేర్చి (సార్ట్ -ఆర్ఎన్), మొదటి పది చూపించు (హెడ్). మీ నవలలో "అయితే" ఎన్నిసార్లు వచ్చిందో, "ఒక" ఎంతగా పెరిగిపోయిందో చూసుకోండి. ఏ సమీక్షకుడూ చెప్పనంత నిర్మొహమాటంగా యంత్రం చెబుతుంది.

మూడో అపోహకు సమాధానం ఇక్కడే మొదలైంది. మెనూ తయారుచేసినవాడు ముందే ఊహించిన పనులనే మౌసు చేయగలదు. తెలుగు రచయిత అవసరాన్ని ఊహించిన మెనూ ఏదీ? ఒక చిన్న పరీక్ష చేయండి. "ప్రింట్‌ఎఫ్ తెలుగు | డబ్ల్యూసీ -ఎం" అని అడిగితే, యూటీఎఫ్-8 అమరిక ఉన్న యంత్రం 6 అంటుంది. -ఎం తీసి -సి పెడితే 18 అంటుంది. మనం లెక్కపెడితే తె, లు, గు - మూడే అక్షరాలు. 18 అనేది బైట్ల లెక్క. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో మన ప్రతి గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. 6 అనేది యూనికోడు గుర్తుల లెక్క. తకారం ఒకటి, దాని మీది ఎత్వం ఇంకొకటి. మన అక్షరం మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ లేదు!

నా ఆవేదనంతా దీని గురించే. అక్షరం అంటే ఏమిటో తేల్చే చోట తెలుగు తెలిసినవారు కూర్చోకపోతే, తెలియనివారు తేలుస్తారు. నిఘంటువు క్రమం ఎలా ఉండాలో, కత్తిరింపు ఎక్కడ పడాలో, వెతుకులాటలో ఏది దొరకాలో వారే తేలుస్తారు. తరువాత మనం "అయ్యో, వత్తు విడిపోయింది" అని వాపోతాం. ఛందస్సు తెలిసినవారందరూ ప్రోగ్రామర్లు కానక్కర్లేదు. లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపగలిగితే చాలు. ఆ వేలు పెట్టే స్థలం కమాండ్ లైను.

ఇంకొక మాట. జియోసిటీస్ 2009లో మూతపడింది. యాహూ గ్రూప్స్ 2020లో మూతపడ్డాయి. పరాయి అరుగుల మీద రాసుకున్న రాతల గతి ఏమిటో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు. నా రాతలన్నీ సాదా పాఠ్యపు ఫైళ్ళుగా నా దగ్గరే ఉంచుకుంటాను. ఏ మాట ఎక్కడ వాడానో గ్రెప్‌ను అడుగుతాను. దానికి సభ్యత్వం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, అంతర్జాలం కూడా అక్కర్లేదు.

"ఈ రోజుల్లో కృత్రిమ మేధను అడిగితే అదే ఆదేశం రాసిపెడుతుంది కదా, నేర్చుకోవడం దేనికి?" అన్నది తాజా పూర్వపక్షం. రాసిపెడుతుంది. చదవగలిగేది మీరేనా? ఒక్క బాణం గుర్తు పెడితే ఫైలులో అప్పటిదాకా ఉన్నదంతా తుడిచి కొత్తది రాస్తుంది. రెండు బాణాలు పెడితే పాతదాని చివర చేరుస్తుంది. ఆర్ఎం తీసేసినది చెత్తబుట్టలో ఉండదు, పోతుంది. ఎంవీ అదే పేరుగల పాత ఫైలు ఉంటే మామూలుగా అడగకుండానే దాని మీద కూర్చుంటుంది. ఎవరో రాసిచ్చిన దస్తావేజు మీద చదవకుండా వేలిముద్ర వేయడాన్ని మన పెద్దలు ఏమనేవారో తెలుసు కదా. కొత్తవారితో అన్నీ తుడిచిపెట్టే ఆదేశం నొక్కించి నవ్వుకునే మహానుభావులూ ఈ లోకంలో ఉన్నారు. అటువంటివారి నుంచి కాపాడేది చదవడం వచ్చిన కన్నొక్కటే.

కాబట్టి నేర్పేవారికి నా విన్నపం: పట్టికలు ఆపండి. మొదటి పుటలో వాక్యనిర్మాణం చెప్పండి. రెండో పుటలో మ్యాన్ చదవడం చెప్పండి. మూడో పుటలో పైపును క్త్వార్థకంగా చెప్పండి. ఉదాహరణలకు అర్థంలేని ఇంగ్లీషు ఫైలు పేర్లు కాక, మన పద్యాలూ సామెతలూ వాడండి. నేర్చుకునేవారికి ఇంకా చిన్న విన్నపం: ఈ వారం ఒక్క ఆదేశం. గ్రెప్‌తో మొదలుపెట్టండి. దాన్ని తెలుగులో ఎలా వివరిస్తారో మీ మాటల్లో ఒక టపా రాయండి. నాతో విభేదించేవారు నిరభ్యంతరంగా వ్యాఖ్యానించవచ్చు. కాకపోతే ముందు ఆ అయిదు ప్రశ్నలూ యంత్రాన్ని ఒక్కసారి అడిగి, సమాధానాలు చదివి, అప్పుడు రండి. చూశారా, మళ్ళీ క్త్వార్థకమే!