ఊరు మారని జట్టు కావాలి: తిరుపతి, చిత్తూరు ఫుట్‌బాల్ అభిమానుల ప్రణాళిక

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఆరేళ్లు మేం వేసుకు తిరిగిన పసుపు జెర్సీ మీది పేరూ గుర్తూ ఒక్క ప్రకటనతో చెల్లకుండా పోయాయి. జట్టు పెట్టినప్పుడు రండి రండి అని పిలిచారు. ఎత్తేసేటప్పుడు మాట మాత్రంగానైనా మమ్మల్ని అడగలేదు. ఈ ప్రణాళిక రాయడానికి కారణం అదే.

మేం తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, నగరి, పలమనేరు, శ్రీకాళహస్తి వాళ్లం. యూనివర్సిటీ హాస్టళ్ల కుర్రాళ్లు, పీఈటీ సార్లు, శ్రీసిటీలో షిఫ్టులు చేసేవాళ్లు, కొండకు టాక్సీ తోలేవాళ్లు మాలో ఉన్నారు. మాకు చెన్నై మూడు గంటల దారి. చిత్తూరు వాళ్లకు బెంగళూరు కూడా దగ్గరే. ఆ రెండు ఊళ్లకూ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) జట్లున్నాయి, రెండూ టైటిల్ గెలిచినవే. నగరి దాటితే అరవం, పలమనేరు దాటితే కన్నడం వినబడే చోట బతుకుతూ, ఆ రెండు జట్లనూ కాదని ఐదొందల కిలోమీటర్ల పైన ఉన్న హైదరాబాద్ జట్టును పట్టుకున్నామంటే భాష మీది మమకారమే. రాష్ట్రం రెండైంది గానీ ఆ మమకారం రెండు కాలేదు.

మ్యాచ్‌కు పోవడమంటే ఏమిటో ఓనర్లకు తెలిసి ఉండదు కాబట్టి చెబుతున్నాం. సాయంత్రం తిరుపతిలో నారాయణాద్రి ఎక్కితే పొద్దున లింగంపల్లిలో దిగుతాం. అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియానికి ఆటోలో పోవచ్చు. మ్యాచ్ మొదలయ్యేది రాత్రి ఏడున్నరకు. అప్పటికి తిరుగు నారాయణాద్రి వెళ్లిపోయి ఉంటుంది. ఆట ముగిశాక బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి, సీటు దొరికితే దొరికినట్టు. ఇంత చేసి వెళ్తే చుట్టూ ఖాళీ కుర్చీలు. అయినా పోయాం.

జరిగింది ఇదీ

2019లో పుణె సిటీ జట్టు డబ్బు ఇబ్బందులతో మూతపడింది. ఆ ఖాళీ హైదరాబాద్‌కు దక్కింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్‌కు తరలించి ఒడిశా జట్టుగా మార్చారు. మనకు జట్టొచ్చిందని పటాసులు కాల్చినప్పుడు పుణె కుర్రాళ్ల సంగతి మాకు తట్టలేదు. ఆరేళ్ల తర్వాత మన జట్టును తీసుకుపోయి, తన జట్టును పోగొట్టుకున్న ఢిల్లీకి ఇచ్చారు. ఈ లీగులో జట్టు ఊరికి సంబంధించినది కాదు, కాగితానికి సంబంధించినది.

మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లాడి రెండే గెలిచాం, పట్టికలో అట్టడుగున నిలిచాం. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు, జట్టు రూపమే మారిపోయింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. స్టేడియమంతా కేరళ వాళ్ల పసుపే, కానీ ఆ రోజు మైదానంలో పసుపు జెర్సీ మనది. ఓడిపోతున్నాం అనుకున్న ఘడియలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి స్కోరు సమం చేసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తిరుపతి హాస్టల్ గదుల్లో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు.

తర్వాతి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ పై ఏడాదికి మనోలో లేడు, జీతాల్లేవు. బకాయిల వివాదాలతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీయులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, మన దేశపు పెద్ద ఆటగాళ్లూ సీజన్ మధ్యలోనే వేరే జట్లకు మారిపోయారు. కెప్టెన్ జావో విక్టర్ చుట్టూ మీసాలు రాని పిల్లలను నిలబెట్టి సీజన్ నడిపించారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపు కూడా 2024 మార్చిలో చెన్నైలో వచ్చింది, మన గడప ముందు. ఆ పిల్లలు ఆడిన ఆట మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా ఫిర్యాదంతా వాళ్లను అలా ఒంటరిగా బరిలోకి తోసిన యాజమాన్యం మీద.

2024లో జిందాల్ గ్రూప్ చేతికి క్లబ్ వచ్చింది. గట్టి ఓనర్ దొరికాడని సంతోషించాం. ఏడాది తిరిగేసరికి క్లబ్ ఢిల్లీలో ఉంది.

ఇది మనకు కొత్త కూడా కాదు. క్రికెట్‌లో డెక్కన్ చార్జర్స్ 2008లో చివరి స్థానం, 2009లో చాంపియన్, 2012లో రద్దు. కాకపోతే క్రికెట్ కాబట్టి వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది, ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఫుట్‌బాల్‌కు అలా వెంటనే వచ్చేవాళ్లు ఉండరు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టిపెరిగిన నేల అది. ఆ ఊరి పేరుతో ఇవాళ ఐఎస్‌ఎల్‌లో జట్టు లేదు.

ఆంధ్ర సంగతి మరీ అన్యాయం. ఐ-లీగ్‌లో శ్రీనిధి క్లబ్‌కు విశాఖపట్నం పేరు మీద చోటిచ్చారు. ఆడింది మాత్రం హైదరాబాద్ శివార్లలో. వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచిన మంచి జట్టది, దాన్ని తప్పుబట్టడం లేదు. విశాఖ కుర్రాడికి ఏం దక్కిందన్నదే మా ప్రశ్న.

ఓనర్ల బాధ కూడా మాకు తెలుసు. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్ నడపడమంటే ఏటా చేతి సొమ్ము పోసుకోవడమే. ఫెడరేషన్‌కూ లీగు నిర్వాహకులకూ మధ్య 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో తీరిపోతుంటే, తర్వాత లీగు ఉంటుందో లేదో క్లబ్బులకే తెలియని పరిస్థితి వచ్చింది. నష్టం వస్తే తప్పుకోవచ్చు. కానీ ఆడినవాడి జీతం నష్టాల ఖాతాలో రాసుకునేది కాదు, అది అప్పు. ఊరి పేరు పెట్టుకుని టికెట్లమ్మినవాళ్లు ఆ ఊరికి కారణం చెప్పకుండా పోవడం మర్యాదా కాదు.

మా షరతులు

రేపు ఎవరో ఒకరు తెలుగు నేలకు మళ్లీ జట్టు తెస్తారు. ఈసారి ముందు మా షరతులు, ఆ తర్వాతే జెర్సీ.

అన్నిటికన్నా పెద్దది ఊరు, పేరు, గుర్తు. ఈ మూడూ మార్చాలంటే సభ్యత్వం ఉన్న అభిమానుల ఓటు కావాలని క్లబ్ నిబంధనల్లో రాయాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. జర్మనీలో పెట్టుబడిదారు ఎంత డబ్బు పెట్టినా, కొన్ని మినహాయింపులు తప్ప, సగానికి పైగా ఓట్లు క్లబ్ సభ్యుల దగ్గరే ఉండాలన్న నియమముంది. లండన్‌లో వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు అభిమానులు ఇంటికి పోయి ఏడుస్తూ కూర్చోలేదు. అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టి, పార్కులో సెలక్షన్లు జరిపి, ఎక్కడో కింది స్థాయి లీగు నుంచి మొదలుపెట్టి 2011 నాటికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. అంత దూరం ఎందుకు, పక్కనే కేరళ బ్లాస్టర్స్ అభిమానుల సంఘం మంజప్పడను చూడండి. ఆట తీరు మీద, యాజమాన్యం మీద కోపమొచ్చి 2024 డిసెంబరులో టికెట్లు కొనబోమని ప్రకటించింది. లక్షల్లో అభిమానులున్న క్లబ్‌కే ఆ మాట తగిలింది.

జీతాల లెక్క రెండోది. ఆటగాళ్లకు, సిబ్బందికి, గ్రౌండ్‌మన్‌కు కూడా, ఎవరికెంత బకాయి ఉందో మూడు నెలలకోసారి బయటపెట్టాలి. క్లబ్ మునుగుతోందన్న సంగతి ఫిఫా నిషేధం వార్త చూసి తెలుసుకునే గతి మాకు మళ్లీ పట్టకూడదు.

ఇంకోటి, మాకు సొంతంగా కావాల్సింది. తెలుగు జట్టని పేరు పెట్టుకుంటే తెలుగు పిల్లలను ఆడించాలి. అనంతపురంలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. వాళ్లకు పైమెట్టు ఏది? సీజన్‌కు ముందు ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ అయినా రాయలసీమలో ఆడాలి. తిరుపతికి దేశమంతా వస్తుంది, పదకొండు మంది రాలేరా?

మా వైపు నుంచి

ఓడిన రోజు ఆటగాడిని, వాడి ఇంట్లోవాళ్లను తిట్టేవాడు మేం పెట్టబోయే అభిమానుల వేదికలో సభ్యుడు కాలేడు. 2023-24 సీజన్‌లో పంతొమ్మిదేళ్ల పిల్లలను ఫోన్లలో ఏమేం అన్నారో మేం చదివాం. అందులో మనవాళ్లూ ఉన్నారు.

రాజకీయ పార్టీల జెండా ఈ వేదిక మీదికి రాదు. నాయకులు అభిమానులుగా వస్తే కుర్చీ వేస్తాం, వేదిక మీద కాదు, అందరి మధ్యలో. నెలకు యాభై రూపాయల చందా. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది ప్రతి నెలా బయటపెడతాం, క్లబ్‌ను లెక్క అడిగేవాళ్లకు తమ లెక్క చూపించే ధైర్యం ఉండాలి.

ఆ డబ్బుతో ముందు చేయాల్సిన పని గచ్చిబౌలిలో లేదు, ఇక్కడే ఉంది. చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లోనో, తిరుపతి తారకరామ స్టేడియం దగ్గరో సాయంత్రం ఆడే పిల్లలను చూడండి. గోల్‌పోస్టుకు బదులు రెండు చెప్పులు. గాలి తగ్గిన బంతి. గొడవొస్తే తేల్చే రెఫరీ లేడు, బంతి తెచ్చినవాడి మాటే తీర్పు. వీళ్లకు వలలున్న గోల్‌పోస్టులు, ఒక శిక్షణ పొందిన రెఫరీ, ఆదివారాల్లో వరుసగా మ్యాచ్‌లు ఉంటే చాలు. పెద్ద క్లబ్ వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం మాకిష్టం లేదు.

స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీని మేం ద్వేషించం, వాళ్ల ఊళ్లోనూ జట్టు కోసం ఎదురుచూసినవాళ్లున్నారు. దాని వెంట మాత్రం వెళ్లం.

వేదికకు పేరింకా పెట్టలేదు, అది మొదటి సమావేశం తేల్చాల్సిన విషయం. ఈ షరతులు ఒప్పుకున్నవాళ్లు కింద పేరు, ఊరు రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోనివాళ్లు ఏ షరతు దగ్గర అభ్యంతరమో కాగితం మీద రాసి మాకివ్వండి, సమావేశంలో ముందు చదివేది ఆ కాగితాలనే.